విమోచన మూల్యం ఎవరికి చెల్లించాలి?
క్రైస్తవ పాపవిమోచన సిద్ధాంతంపై ఒక పరిశీలన

క్రైస్తవ మతానికి పునాదిరాయి ఏది అని అడిగితే సామాన్య ముస్లిం పాఠకుడు త్రిత్వాన్ని పేర్కొంటాడు. క్రైస్తవుడు మాత్రం సిలువను చూపుతాడు. దేవుడు ఒక్కడా, ముగ్గురా అన్న చర్చ కన్నా తన పాపం ఎలా తొలగింది అన్న ప్రశ్నే అతనికి దగ్గరిది. ముస్లిం పండితుల విమర్శ మాత్రం చాలాకాలం ఇతర విషయాల చుట్టూనే తిరిగింది. 1854లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లా కైరానవీకి, పాదరీ ఫాండర్‌కు మధ్య జరిగిన సుప్రసిద్ధ వాదం గ్రంథాల రద్దు, గ్రంథాల మార్పు అనే రెండు అంశాల వద్దే ఆగిపోయింది. పాపవిమోచన ప్రసక్తి దాకా అది రానేలేదు. ఇమామ్ ఇబ్నె తైమియా పద్నాలుగో శతాబ్ది తొలి భాగంలో క్రైస్తవులకు వ్రాసిన సమాధాన గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని పరిశీలించారు గాని, తెలుగు ముస్లిం పాఠకులకు ఆ చర్చ పెద్దగా అందలేదు.

ఈ లోటు వల్ల నష్టం ఒకటి గలదు. పరకాల వంటి పట్టణంలో ముస్లిములు, క్రైస్తవులు ఒకే వీధిలో కాపురముంటారు. ఒకరి పెళ్లికి ఒకరు వెళతారు, ఒకరి చావుకు ఒకరు వస్తారు. నీకు రక్షణ దొరికిందా అని పొరుగువాడు ప్రేమతో అడిగినప్పుడు ముస్లిం యువకుడు ఆ ప్రశ్నలోని భావం తెలియక దాన్ని ఎగతాళి చేయడమో, మౌనం వహించడమో జరుగుతున్నది. ఎగతాళి అధర్మం. ఉత్తమమైన రీతిలో వాదించవలసిందని ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది (16:125, 29:46). ఎదుటివాని మాటను అతడు అర్థం చేసుకున్నట్లుగానే అర్థం చేసుకోవడం ఉత్తమ రీతికి మొదటి మెట్టు.

తెలుగులోకి వచ్చిన మాటలు

క్రైస్తవ సిద్ధాంతం తెలుగు నేలకు తెలుగు మాటలు తొడుక్కుని వచ్చింది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషను బోధకులలో ఒకరైన డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. అప్పటినుండి అనువాదకులకు ఎదురైన చిక్కు ఒక్కటే. హెబ్రీ, గ్రీకు భాషల్లోని పాపపరిహార పదజాలానికి తెలుగులో సరితూగే మాటలు ఏవి? ధర్మశాస్త్రాల నుండి వారు ప్రాయశ్చిత్తం అనే మాట తీసుకున్నారు. లోకవ్యవహారం నుండి రక్షణ అనే మాట తీసుకున్నారు. బానిసను విడిపించడానికి చెల్లించే సొమ్ము అనే అర్థం గల గ్రీకు పదానికి విమోచన క్రయధనము అనే సమాసాన్ని కూర్చారు.

ఈ మాటల వెనుక దాగిన బంధుత్వం ముస్లిం పాఠకునికి ఆసక్తి కలిగించేదే. తెలుగు బైబిలులో ప్రాయశ్చిత్తం అని ఉన్నచోట హెబ్రీ మూలంలో ఉన్నది క-ఫ-ర అనే ధాతువు. కప్పివేయడం, తుడిచివేయడం దాని భావాలు. యూదుల యోమ్ కిప్పూర్ దినానికి ఆ పేరు అందుండే వచ్చింది. ఇస్లామీ ధర్మశాస్త్రంలోని కఫ్ఫారా కూడా అదే ధాతువు బిడ్డ. అలాగే క్రైస్తవులు మారుమనస్సు అని అనువదించుకున్న మాటకు అరబ్బీలోని తౌబాతో మంచి పోలిక ఉన్నది. తౌబా అంటే మరలిరావడం. ముస్లిములు తెలుగులో వాడే పశ్చాత్తాపం అనే మాట చేసిన దానికి కుమిలిపోవడాన్ని మాత్రమే చెబుతుంది, తిరిగిరావడాన్ని చెప్పదు. ఈ ఒక్క విషయంలో క్రైస్తవ అనువాదకులు ఎన్నుకున్న మాటే తౌబా భావానికి ఎక్కువ దగ్గరగా ఉన్నదని ఒప్పుకోవాలి.

విమోచన అనే మాట సంగతి వేరు. తెలంగాణలో అది గ్రంథాలకు పరిమితమైన మాట కాదు. వెట్టి నుండి విమోచన, అప్పు నుండి విమోచన, దొర చేతి కింది నుండి విమోచన - ఇవి ఈ నేలపై తరతరాలు కన్న కలలు. తాత చేసిన అప్పుకు మనుమడు జీతమున్న కుటుంబాలు ఎన్నో. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటికీ వచ్చింది 1976లో మాత్రమే. ఎవరో వచ్చి నీ అప్పు కట్టివేశాడు, ఇక నీవు స్వతంత్రుడవు అన్న మాట మాల మాదిగ వాడలలో ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. క్రైస్తవ బోధ అక్కడ వేళ్లూనడానికి గల కారణాలలో ఇదొకటి.

మరొక కారణం మరింత లోతైనది. నీ పుట్టుకే నీ పూర్వజన్మ పాపఫలమని శతాబ్దాలుగా విన్న మనిషికి, ఆదాము పాపంలో దొర, జీతగాడు, కరణం, కావలికారు అందరూ సమానంగా భాగస్థులే అన్న బోధ ఒకవిధమైన ఊరట. ఆ బోధ పాపాన్ని చెప్పినట్లే చెప్పి సమానత్వాన్ని చేతిలో పెట్టింది. 1876-78 నాటి కరువు తరువాత ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఉదంతాన్ని తిండికోసం జరిగిన మార్పిడిగా కొట్టివేయడం తేలిక. అయితే అక్కడి బాప్తిస్టు బోధకుడు క్లౌ కరువు కాలంలో, తిండి ఆశతో ఎవరూ చేరరాదని, బాప్తిస్మాలు నిలిపివేసినట్లు చరిత్ర చెబుతున్నది. న్యాయంగా విమర్శించేవాడు దీనిని దాచరాదు.

సిద్ధాంతం ఒకటి కాదు

ఏసుక్రీస్తు మన పాపాల కొరకు మరణించాడు అన్న వాక్యాన్ని క్రైస్తవులందరూ ఒప్పుకుంటారు. ఆ మరణం పాపాన్ని ఎలా తొలగించింది అన్నచోట ఏకాభిప్రాయం లేదు. త్రిత్వం విషయంలో ప్రాచీన సంఘసభలు తీర్మానాలు చేశాయి. పాపవిమోచన జరిగే విధానంపై అటువంటి సర్వామోద తీర్మానం ఏదీ లేదు. ఇది తరచు మరుగున పడే సత్యం.

తొలి శతాబ్దాలలో చాలామంది మూల్యం అన్న మాటను అక్షరాలా తీసుకున్నారు. మానవుడు సాతానుకు బానిస అయినాడు, అతన్ని విడిపించడానికి క్రీస్తు ప్రాణం మూల్యంగా చెల్లింది అన్నారు. మరి మూల్యం ఎవరికి ముట్టింది? సాతానుకే అని కొందరు చెప్పారు. నాలుగో శతాబ్దికి చెందిన నిస్సా గ్రెగొరీ మరొక అడుగు వేసి, మానవదేహం అనే ఎరలో దైవత్వం అనే గాలాన్ని దాచి సాతానును పట్టినట్లు వర్ణించాడు. ఆయన సమకాలికుడు నజియాంజస్ గ్రెగొరీకి ఈ వివరణ సహించలేదు. దొంగకు దేవుడు మూల్యం చెల్లించడం అవమానకరం, తండ్రికి చెల్లిందందామంటే ఆయన చెరలో మనం లేనేలేము కదా అని ప్రశ్నించాడు. ఈ వ్యాసానికి శీర్షికగా ఉన్న ప్రశ్న ఏ ముస్లిం వాదీ కల్పించింది కాదు. దాన్ని మొదట గట్టిగా అడిగినవారు క్రైస్తవ పెద్దలే.

1098లో పూర్తయిన గ్రంథంలో ఆన్సెల్మ్ వివరణను మార్చివేశాడు. పాపం అంటే దేవునికి చెందవలసిన గౌరవాన్ని ఎగవేయడం. అనంతుడైన ప్రభువుకు జరిగిన అగౌరవానికి పరిహారం కూడా అనంతమైనదే కావాలి. మానవుడు చెల్లించలేడు, దేవుడు తప్ప మరొకరు చెల్లించగలవారు లేరు, కనుక దేవుడే మానవుడై చెల్లించాడు. నాటి ఐరోపా జమీందారీ సమాజంలో తప్పు తీవ్రత అవమానం పొందినవాని హోదానుబట్టి ఉండేది. గడీ ముందు చెప్పులు విడిచి నడిచిన తెలంగాణ పల్లెకు ఆ తర్కం పరిచయమే. ప్రశ్న ఒక్కటే: దొర గౌరవానికి గల కొలబద్ద విశ్వప్రభువుకు సరిపోతుందా?

పన్నెండో శతాబ్దిలో అబెలార్డ్ ఆన్సెల్మ్ పద్ధతిని తోసిపుచ్చాడు. నిరపరాధి రక్తాన్ని మూల్యంగా కోరడం క్రూరత్వం కాదా అని అడిగాడు. సిలువ దేవుని ప్రేమను చూపి మానవ హృదయాన్ని కరిగిస్తుంది, దాని ఫలం అదే అన్నాడు. పదహారో శతాబ్దిలో కాల్విన్ న్యాయస్థానం ఉపమానాన్ని ముందుకు తెచ్చాడు. మానవునికి పడవలసిన శిక్ష క్రీస్తుపై పడిందని ఆయన వివరణ. 1594లో సొసీనస్ దీనిని ఎదిరించాడు. అప్పు పూర్తిగా చెల్లితే అది క్షమ కాదు, క్షమిస్తే చెల్లింపు అక్కరలేదు, రెండూ ఒకేచోట ఉండలేవని అతని వాదం. ఇరవయ్యో శతాబ్దిలో స్వీడన్ పండితుడు ఔలేన్ (ఆయన గ్రంథం 1931లో ఆంగ్లంలోకి వచ్చింది) వీటన్నిటికీ వెనుకకు వెళ్లి, సిలువను పాపంపై, మృత్యువుపై దేవుని విజయంగా చూడాలన్నాడు.

పాత వరంగల్ జిల్లాలో

ఈ భేదాలు ఐరోపా గ్రంథాలయాలలోనే మిగిలిపోలేదు. పరకాల చుట్టుపక్కల ప్రాంతంలోనే వాటిని చూడవచ్చు. హనుమకొండలో అమెరికన్ బాప్తిస్టు మిషను 1879లో మొదలైంది. అజరయ్య 1909లో దోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై, 1945లో మరణించేవరకు అక్కడినుండే సేవచేశాడు. ఆ శాఖ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. వరంగల్ కతోలిక మేత్రాసనం 1952లో ఏర్పడింది.

బాప్తిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలిసి విశ్వసించినవానినే నీటిలో ముంచుతారు. కతోలికులు పసిబిడ్డకే జ్ఞానస్నానం చేయిస్తారు. జన్మపాపం అక్కడే తొలగుతుందని వారి విశ్వాసం. ఆ తరువాత చేసే పాపాలకు గురువు ముందు పాపసంకీర్తనం, విధించిన ప్రాయశ్చిత్తం ఉంటాయి. దక్షిణ ఇండియా సంఘం పసివారికి బాప్తిస్మమిచ్చినా, పెద్దయ్యాక సొంతనోట విశ్వాసాన్ని ఒప్పుకోవడాన్ని కోరుతుంది. అంటే, క్రీస్తు అందరి పాపాలకూ వెల చెల్లించాడు అన్న ఒకే మాట కింద, ఆ ఫలితం మనిషికి ఎప్పుడు, ఎలా అందుతుంది అన్నదానికి మూడు జవాబులు పక్కపక్కనే ఉన్నాయి. క్రైస్తవం అంటే సిలువను నమ్మి ఇష్టం వచ్చినట్లు బ్రతకడమే అని ప్రచారం చేసే ముస్లిం ఉపన్యాసకులు ఈ మూడింటిలో ఒక్కదానికీ న్యాయం చేయడం లేదు.

జన్మపాపం అనే పునాది

విమోచన మూల్యం అవసరం కావడానికి ముందు అప్పు రుజువు కావాలి. ఆదాము పాపం సంతానానికంతటికీ సంక్రమించిందన్న బోధను ఈ రూపంలో స్థిరపరచినవాడు ఆగస్తీన్ (మరణం 430). రోమీయులకు వ్రాసిన పత్రిక అయిదో అధ్యాయంలోని ఒక వచనం లాటిన్ అనువాదంలో, ఆదాములో అందరూ పాపం చేశారు అన్న అర్థానికి చోటిచ్చింది. గ్రీకు మూలం చదివిన తూర్పు క్రైస్తవ సంఘాలు ఆ అర్థాన్ని స్వీకరించలేదు. ఆదాము నుండి మరణం, బలహీనత వచ్చాయిగాని అతని నేరం వారసత్వంగా రాలేదని వారు ఈనాటికీ చెబుతారు. కనుక జన్మపాపాన్ని నిరాకరించడం క్రైస్తవాన్ని మొత్తంగా నిరాకరించడం అనుకోనక్కరలేదు. క్రైస్తవంలోనే ఒక పెద్ద భాగం నేరవారసత్వాన్ని ఒప్పుకోదు.

ఖుర్ఆన్ ఆదం (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని దాచలేదు. ఆయన పొరపడ్డారు, స్వర్గం వీడి భూమికి దిగారు. కాని ఆయన తన ప్రభువు నుండి కొన్ని వచనాలు నేర్చుకొని వేడుకొన్నారని, ఆయన తౌబా స్వీకరించబడిందని చెబుతుంది (2:37, 20:122). పొరపాటు ఫలితం కొనసాగింది, నేరం మాత్రం మాసిపోయింది. తండ్రి ఆస్తి తగలబెడితే పిల్లలు పేదలవుతారు, దోషులు కారు. ప్రతి శిశువూ సహజ శుద్ధస్వభావంతో పుడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. దొర బిడ్డ, జీతగాని బిడ్డ సమానులని చెప్పడానికి ఇద్దరినీ నేరస్థులుగా ప్రకటించనక్కరలేదు. ఇద్దరూ నిర్దోషులుగా పుట్టారంటే చాలు. జన్మపాప బోధ పేదవానికి ఇచ్చిన ఊరటను ఇస్లాం ఈ విధంగా, నింద లేకుండా ఇస్తున్నది.

ఒకరి భారాన్ని మరొకరు మోయరు అన్న నియమాన్ని ఖుర్ఆన్ పలుమార్లు చెప్పింది (6:164, 17:15, 35:18, 39:7, 53:38). బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం చెప్పేదీ ఇదే: తండ్రి దోషానికి కొడుకు, కొడుకు దోషానికి తండ్రి బాధ్యులు కారు.

"కొరకు" అనే మాట

పరకాలలో అమరధామం ఉన్నది. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగురవేయడానికి గుమిగూడిన జనంపై నిజాం పోలీసులు, రజాకార్లు జరిపిన కాల్పులలో ప్రాణాలు కోల్పోయినవారి స్మారకం అది. వారు ప్రజల కొరకు మరణించారని ఊరు చెప్పుకుంటుంది. ఆ మాట నిజం. ఇంతకూ ఆ కొరకు అన్న మాటకు అర్థమేమిటి?

ప్రజల మేలు కోరి ప్రాణాలకు తెగించారని దాని అర్థం. ప్రజలు చేసిన నేరానికి పడవలసిన శిక్షను వారు అనుభవించారని కాదు. వారి మరణం వల్ల ఎవరి పాపమూ చెల్లిపోలేదు. కాల్చినవారి లెక్క మూసుకుపోలేదు, అప్పుడే తెరుచుకుంది. నిరపరాధి రక్తం చిందడం ఒక కొత్త నేరం అవుతుందేగాని, పాత నేరానికి వెల కాజాలదు. ఒక నిరపరాధిని చంపడం మానవాళినంతటినీ చంపినంత ఘోరమని ఖుర్ఆన్ చెబుతున్నది (5:32).

క్రైస్తవ ప్రసంగాలలో కొరకు అన్న ఈ ఒక్క మాటే రెండు అర్థాల మధ్య జారుతూ ఉంటుంది. సైనికుడు దేశం కొరకు, తల్లి బిడ్డ కొరకు ప్రాణమిచ్చిన ఉదాహరణలు చెప్పి, వాటివలెనే క్రీస్తు మన కొరకు మరణించాడంటారు. శ్రోత హృదయం కరుగుతుంది. కాని ఆ ఉదాహరణలన్నీ మేలు కొరకు అన్న అర్థానివి. సిద్ధాంతానికి కావలసింది బదులుగా అన్న అర్థం. గ్రీకు మూలంలోనూ ఈ రెండింటికీ వేరు వేరు మాటలు ఉన్నాయి. ఎక్కువచోట్ల కనిపించేది మేలు కొరకు అన్న అర్థానికి దగ్గరైన మాట. మూల్యం ప్రస్తావన ఉన్న మార్కు పదో అధ్యాయంలో బదులుగా అన్న అర్థం గల మాట ఉన్నది. కనుక ప్రత్యామ్నాయ భావం బైబిలులో లేనేలేదనడం సరికాదు. ప్రేమకు చెప్పిన ఉదాహరణతో శిక్ష మార్పిడిని రుజువు చేయడం మాత్రం తర్కం కాదు. ఇక సిలువ ఘటన విషయంలో ఖుర్ఆన్ నిర్ణయం వేరు (4:157). ఆ చారిత్రక వివాదాన్ని ప్రక్కనపెట్టి, ఘటన జరిగిందని అనుకొని చూసినా ఈ చిక్కు అలాగే ఉంటుంది.

దేవుడు మూల్యం లేకుండా క్షమించలేడా? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయం రక్తం చిందకుండా క్షమ లేదంటుంది. కాని లేవీయకాండము అయిదో అధ్యాయంలో పక్షులను సైతం కొనలేని పేదవాడు పాపపరిహారంగా పిండి తెస్తే చాలు. యోనా గ్రంథంలో నీనెవె ప్రజలు బలి లేకుండానే, తమ దుర్మార్గం నుండి మరలినందుకే క్షమ పొందారు. ఖుర్ఆన్ కూడా ఆ జాతిని పేర్కొన్నది (10:98). లూకా పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు తిరిగి వస్తుంటే తండ్రి ఎదురు పరుగెత్తాడు, ఏ మూల్యమూ అడగలేదు. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో రాజు దాసుని అప్పును కొట్టివేశాడు, మరొకని వద్ద వసూలు చేసుకోలేదు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) చెప్పినట్లు సువార్తలే పేర్కొంటున్న ఈ ఉపమానాలు తౌబాకు చక్కని వ్యాఖ్యానాలు.

క్రైస్తవుని ఉత్తమ వాదం

దీనికి ఆలోచనాపరుడైన క్రైస్తవుడు ఇచ్చే జవాబు వినదగినది. దేవుడు ఎవరో మూడో వ్యక్తిని శిక్షించలేదు, తానే భారం వహించాడని అతడంటాడు. క్షమించడం ఎప్పుడూ క్షమించేవానికి బాధాకరమే, ఆ బాధే సిలువలో కనిపించిందంటాడు. మీ అల్లాహ్ ఊరికే క్షమిస్తే పాపానికి విలువేమున్నది, న్యాయం ఏమైనట్లు అని అడుగుతాడు.

ఈ ప్రశ్నకు ఇస్లాం జవాబు హక్కుల విభజనలో ఉన్నది. అల్లాహ్ హక్కుకు భంగం కలిగితే దాన్ని మాఫీ చేయడానికి హక్కుదారుడు ఆయనే. తన హక్కును తాను వదులుకోవడం అన్యాయం కాదు. కారుణ్యాన్ని ఆయన తనపై తానే విధించుకున్నాడు (6:12, 6:54). కాని దాసుల హక్కుల సంగతి వేరు. తౌబాకు ఉన్న షరతులను ఇమామ్ నవవీ చెబుతూ, పాపం మానుకోవడం, చేసినదానికి విచారించడం, తిరిగి చేయరాదని నిశ్చయించుకోవడం అన్న మూడింటితోపాటు, పాపం తోటిమనిషికి సంబంధించినదైతే అతని హక్కు తిరిగి చెల్లించడం నాలుగో షరతుగా చేర్చారు. ఒకని పొలం కాజేసినవాడు రాత్రంతా ఏడ్చినా పొలం తిరిగి ఇవ్వనిదే అతని తౌబా పూర్తికాదు. ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు తెచ్చికూడా దివాలా తీసేవాడు ఎవడో దైవప్రవక్త (స) వివరించారు: ఒకని తిట్టి, ఒకని సొమ్ము తిని, ఒకని రక్తం చిందించినవాని పుణ్యాలు బాధితులకు పంచబడతాయి, అవి చాలకపోతే వారి పాపాలు అతని నెత్తిన పడతాయి (సహీహ్ ముస్లిం).

ఇక్కడ మూల్యం ఎవరికి చెల్లించాలి అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉన్నది. సాతానుకు కాదు. దేవుని గౌరవానికి కాదు. అన్యాయానికి గురైనవానికి. శిక్ష మార్పిడి సిద్ధాంతంలో కనిపించనివాడు ఇతడే. పాపికీ దేవునికీ మధ్య లెక్క తేలిపోతుంది, దోపిడీకి గురైన జీతగాడు మాత్రం బయటే నిలబడి ఉంటాడు. నష్టపడినవానికి తిరిగి చెల్లించాలని క్రైస్తవ నీతిబోధ చెబుతుందన్నది నిజమే. లూకా పందొమ్మిదో అధ్యాయంలోని జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ బోధ మంచిది. అది సిలువ సిద్ధాంతంలో భాగంగాక దానికి ప్రక్కన ఉండిపోయిందన్నదే ఇక్కడి విమర్శ.

క్రైస్తవులు తరచు చేసే మరొక ఆరోపణ, ఇస్లాంలో మోక్షం కర్మల కూలి అని. ఇది సరికాదు. ఎవరి కర్మలూ వారిని స్వర్గంలో చేర్చలేవని, తనను సైతం అల్లాహ్ కారుణ్యమే కాపాడాలని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

ముస్లిములు జవాబు చెప్పవలసినవి

ఒకవైపే తూచే త్రాసు త్రాసు కాదు. సహీహ్ ముస్లింలో, ప్రళయదినాన ప్రతి ముస్లింకూ ఒక యూదుడో క్రైస్తవుడో నరకం నుండి విడుదలగా ఇవ్వబడతాడన్న భావం గల హదీసు ఉన్నది. ఇది కూడా బదులు శిక్షే కదా అని క్రైస్తవ వాదులు అడుగుతారు. ఇమామ్ నవవీ దీనికి చెప్పిన అర్థం వేరు. ప్రతి మనిషికీ స్వర్గంలో ఒక స్థానం, నరకంలో ఒక స్థానం ఉన్నాయి, విశ్వాసి స్వర్గానికి వెళ్లినప్పుడు అతని నరకస్థానంలోకి తన స్వంత అవిశ్వాసం వల్ల అర్హుడైనవాడు వస్తాడు. ఒకని పాపానికి మరొకడు శిక్షింపబడడం అందులో లేదు. ఈ హదీసును ఇతరులపై ఆధిక్యానికి గురుతుగా వాడేవారు ఖుర్ఆన్ నియమాన్నే గాయపరుస్తున్నారు. ముందు చెప్పిన దివాలాదారుని హదీసులో సైతం నెత్తిన పడేది తాను చేసిన దౌర్జన్యం తాలూకు లెక్కే.

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) కుమారునికి బదులుగా గొప్ప బలి ఇవ్వబడిందని ఖుర్ఆన్ చెబుతున్నది (37:107). ఆ వచనంలో ఫిద్యా ధాతువే ఉన్నది. కాని ఆ కుమారుడు దోషి కాడు, ఆ బలి పాపానికి వెల కాదు. అది పరీక్ష ముగింపు. ఖుర్బానీ మాంసంగాని రక్తంగాని అల్లాహ్‌కు చేరదని, చేరేది భక్తి మాత్రమేనని మరొకచోట స్పష్టం చేయబడింది (22:37).

షఫాఅత్ విషయం కూడా అంతే. సిఫారసు చేయడానికి అల్లాహ్ అనుమతి కావాలి (2:255). అది వేడుకోలేగాని వెల కాదు. ఆచరణలో ఈ హద్దు చెరిగిపోతున్న చోట్లు ఉన్నాయి. ఫలానా పీర్ దామనం పట్టుకుంటే లెక్క అడిగేవారు ఉండరని నమ్మేవాడు, సిలువ సిద్ధాంతాన్ని విమర్శించే అర్హత పోగొట్టుకున్నట్లే. కర్బలాలో 680లో జరిగిన ఇమామ్ హుసేన్ (రజి) బలిదానాన్ని గూర్చి, ఆ బాధలో విమోచన శక్తిని దర్శించే భక్తి షియా సంప్రదాయంలో ఎలా పెరిగిందో పండితుడు మహ్మూద్ అయ్యూబ్ 1978లో ఒక గ్రంథంలో వివరించాడు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు హిందువులు, ముస్లిములు కలిసి మొక్కుకోవడం వెనుక కూడా నిరపరాధి బాధ తమను కాపాడుతుందన్న తపన ఉన్నది. మానవ హృదయంలో ఆ తపన ఎంత లోతైనదో గ్రహించినవాడు క్రైస్తవుని ఎగతాళి చేయడు.

మెడను విడిపించడం

ఖుర్ఆన్ విమోచన పదజాలాన్ని విడిచిపెట్టలేదు, దాని దిశ మార్చింది. ఎక్కవలసిన కనుమ ఏదని ప్రశ్నించి, మెడను బానిసత్వం నుండి విడిపించడం, ఆకలి దినాన అన్నం పెట్టడం అని చెప్పింది (90:11-16). జకాత్ ఖర్చులలో బానిసల విడుదలకు ఒక పద్దు ఉంచింది (9:60). పొరపాటున జరిగిన హత్యకు (4:92), ప్రమాణభంగానికి (5:89), భార్యను తల్లితో పోల్చి దూరంపెట్టిన తప్పుకు (58:3) విధించిన కఫ్ఫారాలలో బానిస విడుదల ఉన్నది. పాపి తన విమోచన కోసం మరొక నిరపరాధి చావును ఆశ్రయించడు, మరొక మనిషి బ్రతుకును విడిపిస్తాడు. మూల్యం నిజంగానే చెల్లుతుంది. చెల్లించేవాడు తప్పు చేసినవాడు, ఫలం పొందేవాడు బంధితుడు.

పరకాల ముస్లిముకు ఈ చర్చలో తన స్వంత బ్రతుకు ముడిపడి ఉన్నది. 1947లో కాల్పులు జరిపినవారి నేరం, వారి తరువాత పుట్టినవారిపైన గాని, ఆ మతం పేరు పెట్టుకున్న ప్రతివానిపైన గాని పడదు. ఆ మాట ధైర్యంగా చెప్పడానికి ఒకరి భారం మరొకరు మోయరు అన్న నియమమే ఆధారం. కాని ఆ నియమాన్ని తన రక్షణకు వాడుకునేవాడు ఇతరులకూ దానిని ఇవ్వాలి. ఐరోపా సైన్యాల పాపాన్ని వాడలోని క్రైస్తవునిపై మోపరాదు. ఒక్కని తప్పును అతని కులంపై రుద్దరాదు. అమరధామంలో పేర్లున్నవారి మరణం అన్యాయమని, చంపినవారెవరైనా దానికి జవాబుదారులేనని చెప్పడానికి వెనుకాడరాదు. భారం మోయనక్కర లేదన్నది సత్యాన్ని దాచడానికి అనుమతి కాదు.

నీకు రక్షణ దొరికిందా అని పొరుగు క్రైస్తవుడు అడిగితే ముస్లిం ఇవ్వగల జవాబులో వాదం కన్నా ముందు రావలసింది ఒకటి ఉన్నది. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చాడా, చెల్లెలికి రావలసిన వారసత్వపు వాటా ఆమెకు చేర్చాడా, అప్పులో చిక్కినవానికి గడువిచ్చాడా? విమోచన మూల్యం ముట్టవలసిన చేతులు ఇవి. వీటికి ముట్టించినవాని తౌబాను పొరుగువాడు తర్కం లేకుండానే అర్థం చేసుకుంటాడు. ముట్టించనివాడు ఎన్ని వచనాలు వల్లించినా, తాను విమర్శిస్తున్న సిద్ధాంతంలోని లోపాన్నే తన ఇంటిలో పెట్టుకున్నవాడవుతాడు.